చెప్పిన పైసలు

రేటు ముందే మాట్లాడుకున్నాం.
చూపినందుకు ఇంత, చెప్పినందుకు ఇంత.
రెండూ వేరువేరు అంటాడు యాకయ్య,
ఆటో హ్యాండిలుకు కట్టిన నిమ్మకాయ సర్దుతూ.
మాది బాపట్ల. తూనికలు కొలతల శాఖలో
ముప్పై మూడేళ్లు చేసినవాణ్ణి.
ఇట్లా విడదీసి తూచే కాటా
నేనెక్కడా చూడలేదు.

హనుమకొండలో పొద్దున్నే
స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
నూట పద్నాలుగు దగ్గర ఆపాడు.
"వెయ్యి అన్నంక వెయ్యే సార్.
సగం గోడలల్ల దాసుకున్నయి.
నీడలు కలుపుకోండ్రి, సరిపోతది."
శివుడున్నాడు, నీళ్లోడుతూ.
సూర్యుడి గది ఖాళీ.
"ఏడీ?" అన్నాను.
"డ్యూటీకి వోయిండు" అన్నాడు,
మెట్ల మీద పడ్డ ఎండను చూపిస్తూ.
వచ్చిన ప్రతివాడికీ ఈ మాట చెప్తాడని తెలుసు.
అయినా నల్లరాతి మీద అరచెయ్యి పెట్టి చూశాను.
వెచ్చగానే ఉంది.

కాజీపేట దర్గాలో గొంతు తగ్గించాడు.
జేబులోంచి దస్తీ తీసి తలకు కట్టుకుని
నాకూ ఒకటి ఇచ్చాడు, ఉతికింది,
అంచున ఎవరిదో పేరు కుట్టి ఉంది.
నెమలీకల కట్ట నా భుజాన్ని
దుమ్ము దులిపినట్టు తాకింది, అంతే.
బయటికొచ్చాక, చెప్పులు కాసే రహీమున్నీసాతో
అయిదు రూపాయల దగ్గర
ఎప్పటిదో పాత తగాదా తిరగతోడాడు.
"మీవాళ్లేనా?" అన్నాను.
యాకయ్య అంటే యాకూబే కదా అని నా లెక్క.
"మేం ఒడ్డెరోళ్లం సార్, రాయి గొట్టేటోళ్లం.
నాకు ముందుగాల ఇద్దరు దక్కలే.
అన్నారం దర్గాల మా అవ్వ కందూరు మొక్కింది.
నేను దక్కిన. పేరు బాకీ కింద జమ.
మా వాడకట్టుల నలుగురం యాకయ్యలం,
ఇద్దరు యాకమ్మలు.
ఒక్కర్ని పిలిస్తే అందరం పలుకుతం."

బుద్ధుడి చోటు నేనే అడిగాను.
"అది మన లిస్టుల లేదు" అని గొణిగి
బామ్మర్ది కారు తెచ్చాడు.
హుజూరాబాద్‌లో చాయ్,
అటుపైన రెండుసార్లు దారి తప్పి
పత్తిచేల మధ్య ధూళికట్ట.
ఒక దిబ్బ. చుట్టూ తెల్లరాతి పలకలు.
ఒకదాని మీద పడగలెత్తిన పాము.
బుద్ధుడు మాత్రం ఎక్కడా కనబడలేదు.
పక్కనున్న వాగు పేరు అడిగితే
పత్తి ఏరుతున్నామె నడుం ఎత్తకుండానే
"హుస్సేన్‌మియా వాగు" అంది.

యాకయ్య నోరు మెదపలేదు.
కొట్టడానికి గంట లేదు, కట్టడానికి దారం లేదు,
చెప్పులు కాసేవాళ్లు లేరు.
అయినా చెప్పులు విప్పాడు.
అంతా పల్లేరుకాయలు. కుంటుతూ, ఆగుతూ,
ఎటునుంచి మొదలుపెట్టాలో తెలియక
ఎడమకు నాలుగడుగులు వేసి
వెనక్కొచ్చి కుడికి తిరిగాడు.
వెనక నేను, మేజోళ్లతో.
ఒక పలక దగ్గర గొంతుక్కూర్చుని
ఉలిగాటు మీద బొటనవేలు నడిపించాడు.
చాలాసేపు.
"ఈడ చెయ్యి జారింది" అన్నాడు చివరికి.
"ఇంత. గొట్టేటోనికే తెలుస్తది.
మా నాయిన జూస్తే తిట్టేటోడు."
ఆ వేలు అక్కడే ఉంచి
జారిన చెయ్యి ఎవరిదో
కాసేపు పట్టుకున్నట్టే కూర్చున్నాడు.

రాత్రి స్టేషన్ బయట లెక్క చూసి ఇస్తే
రెండు వందలు వెనక్కి పెట్టాడు.
"దిబ్బ కాడికి కిరాయి తీసుకున్న.
చెప్పిన పైసలొద్దు సార్.
ఆడ నేను చెప్పిందేమున్నది?"
ఎంత చెప్పినా తీసుకోలేదు.
నాకేమో వాదించడం రాదు,
తక్కువ తూచినవాడితో తప్ప.

రైలు కదిలాక మేజోడు విప్పితే
మడమ దగ్గర ఒక పల్లేరు.
కిటికీలోంచి పారేద్దామని చెయ్యి చాపి,
అలవాటు కొద్దీ అరచేతిలో
పైకీ కిందికీ ఆడించాను.
డోర్నకల్ వచ్చింది.
ఇంకా ఆడిస్తూనే ఉన్నాను.